పాలివ్వడానికి అరగంట

సావిత్రమ్మ రొమ్ముల్లో పాలు గడ్డకట్టాయి. నంద్యాల పత్తి జిన్నింగు మిల్లులో అందరూ ముందు దిష్టిని అనుమానించారు. తర్వాత శెనక్కాయల్ని. ఆ తర్వాత ఆమె ఇంటి తలుపును. అది తరచూ తగులుతుంటుందని ఆమే చెప్పింది మరి. మొగుడు ఓబులేసును మాత్రం ఎవరూ అనుమానించలేదు. ఆయన యూనియన్ కార్యదర్శి. ఇస్త్రీ చొక్కా, చంకలో పేపరు. కర్నూలు రాజధానిగా ఉన్న ఆ రోజుల్లో అలాంటి వాళ్ళను అనుమానించడం మర్యాద కాదు.

పత్తి ఏరే మద్దమ్మకు మర్యాద తెలియదు. మధ్యాహ్నం షెడ్డు వెనక, ఆకలికి ఏడుస్తున్న సావిత్రమ్మ పాపను తన రొమ్ముకు పెట్టుకుంటూ, సావిత్రమ్మ పైట తొలగించి చూసింది. కమిలిన చోట చెప్పు మడమ అచ్చుంది.

“తలుపు చెప్పులేసుకుంటాదా మే?”

సావిత్రమ్మ చుట్టూ చూసింది. “పాప ఏడ్సి నిద్ర చెడగొడతాందని తన్నినాడక్కా. నాకు పాలు లేవంట. రేపు పాపను ఆళ్ళగడ్డలో వాళ్ళమ్మకాడికి పంపిస్తాడంట. ఎవరికీ చెప్పాకు.”

మద్దమ్మ పత్తి ఏరే ఒక్క ఆడదాన్ని కూడా వదలకుండా చెప్పింది.

సాయంత్రం గేటు ముందు మీటింగు. పసిబిడ్డల తల్లులకు పూటకో అరగంట ఇవ్వకుంటే మర్నాటి నుంచి సమ్మె. “తల్లిపాలు బిడ్డ హక్కు!” అని ఓబులేసు కుర్చీ ఎక్కి గొంతు చించుకున్నాడు. మగవాళ్ళ చేతులన్నీ లేచాయి. ఆడవాళ్ళ చెయ్యి ఒక్కటీ లేవలేదు.

యూనియన్ అధ్యక్షుడు గుమాస్తా లక్ష్మీనారాయణ కళ్ళజోడు తుడుచుకున్నాడు. “మిల్లు షావుకారు మిమ్మల్ని కొన్నాడా ఏందీ?”

మద్దమ్మ లేచింది. “ఓబులేసన్నా, మిల్లులో అరగంట అడుగుతాండావ్, సరే. ఇంట్లో ఎంతసేపిస్తావ్? పాలిచ్చే రొమ్మును చెప్పుకాలితో తన్నినోడివి, పాపను తల్లికాడ్నుంచి పెరికేటోడివి, మాకు హక్కులు చెప్తాండావా?”

“అది నా ఇంటి సంగతి!” అన్నాడు ఓబులేసు.

లక్ష్మీనారాయణకు ప్రాణం లేచొచ్చింది. “అదేనమ్మా, ఇంటి సంగతి ఇంట్లోనే ఉండాల.”

ఈయప్ప ఇంటి తలుపు ఎట్లాంటిదోనని మద్దమ్మకు అనుమానం వచ్చింది. “మిల్లు నా ఇంటి సంగతని షావుకారు కూడా అంటాడప్పా. మరి ఆయప్ప గేటు ముందర ఎందుకు అరుస్తాండాం?”

ఎవరో నవ్వారు. మగవాళ్ళు ఒకరినొకరు అనుమానంగా చూసుకున్నారు.

ఓబులేసు చెయ్యి చాచాడు. “తే పాపను. పా ఇంటికి.”

“రాను,” అంది సావిత్రమ్మ. చంకల్లో బిడ్డలతో ఆడవాళ్ళు ఆమె చుట్టూ గట్టిగా నిలబడ్డారు. “పాప నాతోనే ఉంటాది. ఈయప్ప కార్యదర్శిగా ఉండకూడదు. ఇవి ఒప్పుకుంటేనే సమ్మె.” అని తన చెయ్యి తానే ఎత్తింది.

ఆడవాళ్ళ చేతులన్నీ లేచాయి. వెనక ఒక మగ చెయ్యి లేచింది. తర్వాత ఇంకొకటి, పెండ్లాం ఎటు చూస్తోందో చూసుకుని. చివరికి ఓబులేసు కుర్చీ దిగాడు.

మర్నాడు మిల్లు తిరగలేదు. గేటు బయట మద్దమ్మ పాపకు పాలిస్తోంది. పోలీసు వ్యాను ఆగింది.

“ఎవరే మీ నాయకుడు?”

“నాయకుడు లేడప్పా,” అంది సావిత్రమ్మ, పాపను అందుకుంటూ. “మేముండాం.”