దీపం ఆర్పే చోటు

దీపం వెలిగించాడు. ఆర్పాడు. మళ్ళీ వెలిగించి, గాజుకు అంటిన మట్టిని చొక్కా అంచుతో తుడిచి, గోడ వైపు తిప్పి చూశాడు. పసుపుపచ్చని వెలుగు గోడ మీద కదలకుండా గుండ్రంగా నిలిచింది. అయినా నమ్మకం కుదరక బ్యాటరీ బయటికి తీసి, ఉఫ్ఫని ఊది, తిరిగి బిగించాడు. మారు బ్యాటరీలు కుడి జేబులో ఉన్నాయో లేదో తడుముకున్నాడు. ఉన్నాయి. ఎడమ జేబులోనూ ఉన్నాయి.

"ఇంక చాలు, ఆ మీట అరిగిపోతుంది" అన్నాడు ఇనప తలుపు దగ్గర కుర్చీలో కూర్చున్న కాపలాదారు. అతని మీసాలు మనిషి కంటే ముందు నడుస్తాయి గనక అందరూ మీసాలాయన అనే పిలుస్తారు.

గైడు నవ్వాడు. తన పని మీద తనకున్న శ్రద్ధ అది, అని మీసాలాయన అనుకుంటాడని అతనికి తెలుసు. అలా అనుకోవడమే మంచిది.

గుహలో మనుషుల్ని తిప్పి చూపించే ఈ మనిషికి చీకటంటే భయమన్న సంగతి లోకంలో ఒక్కరికే తెలుసు. ఆ ఒక్కరూ అతని భార్య. పెళ్ళయిన కొత్తలోనే కనిపెట్టేసింది. పడకగదిలో దీపం ఆర్పితే అతనికి కునుకు పట్టదు. ఆవిడకేమో వెలుగులో నిద్ర రాదు. చివరికి ఆవిడే రాజీకొచ్చి, కళ్ళకు తువ్వాలు కట్టుకుని పడుకోవడం అలవాటు చేసుకుంది. "నేను మొగుణ్ణి కట్టుకోలేదు, బల్బుని కట్టుకున్నాను" అంటుంది అప్పుడప్పుడు. కరెంటు పోతే మాత్రం, మళ్ళీ వచ్చేదాకా ఏదో ఒకటి మాట్లాడుతూనే ఉంటుంది. కూరగాయల ధరలు, పక్కింటివాళ్ళ కుక్క, చిన్నప్పుడు తను పడ్డ నిచ్చెన. ఎందుకు మాట్లాడుతోందో ఆవిడ చెప్పదు, అతను అడగడు.

ఆ భయం ఎక్కణ్ణించి వచ్చిందో అతనికే తెలియదు. చిన్నప్పుడు ఎవరూ గదిలో పెట్టి తాళం వెయ్యలేదు, ఏదీ చూసి జడుసుకోలేదు. కొందరికి పిల్లికళ్ళు పుట్టుకతో వచ్చినట్టు అతనికది వచ్చింది, అంతే.

మరి ఈ ఉద్యోగంలోకి ఎలా వచ్చాడంటే, అల్లుడు కావడం వల్ల వచ్చాడు. మొదట్లో చెప్పుల దుకాణంలో పనిచేసేవాడు. నిలువెత్తు అద్దాలు, తెల్లటి ట్యూబులైట్లు, మూల మూలనా వెలుగు. హాయిగా ఉండేది. మామగారు ఈ గుహకు గైడు. ఆయనకు మోకాళ్ళు పట్టేసి మెట్లు దిగలేని రోజు వచ్చినప్పుడు, భోజనాల దగ్గర అల్లుడి వైపు చూసి, ఇంటి పని బయటివాళ్ళకు పోకూడదన్నాడు. కొత్త అల్లుడికి కాదనడానికి నోరు రాలేదు. మొదటిరోజు మామగారి చొక్కా కొస పట్టుకుని లోపలికి దిగాడు. అప్పటినుంచి ఇరవై ఏళ్ళు దాటిపోయాయి. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా ఆ తలుపు దాటి ఒంటరిగా వెళ్ళలేదు. సాయంత్రం తలుపు వేసేముందు లోపల ఎవరూ మిగల్లేదని చూసి రావాలి. ఇద్దరు చూడాలని నిబంధన ఉందంటూ మీసాలాయన్ని వెంట తీసుకుపోతాడు. అలాంటి నిబంధన మీసాలాయన ఎక్కడా వినలేదు. అయినా గొణుక్కుంటూ వస్తాడు.

ఆ రోజు పొద్దున వచ్చింది ఒక్కరే, ఒక పెద్దావిడ. తను నిదానంగా నడుస్తుందనీ, నలుగురిలో వస్తే అందరికీ అడ్డమనీ, విడిగా గైడుని పెట్టుకుంది. పొట్టిగా, పలచగా ఉంది. ఉతికీ ఉతికీ రంగు వెలిసిన బట్టలా ఉంది ముఖం. కళ్ళు మాత్రం చురుగ్గా ఉన్నాయి.

ఒక్కరే అనేసరికి అతను జేబుల్లోని మారు బ్యాటరీలు మళ్ళీ తడుముకున్నాడు. గుంపు ఉంటే నయం. దగ్గులు, నవ్వులు, పిల్లల ప్రశ్నలు, బూట్ల చప్పుళ్ళు ఉంటాయి. ఆ సందడిని వీపుకు దుప్పటిలా కప్పుకుని నడుస్తాడతను. ఒక్క మనిషి ఊపిరి ఏ మూలకి?

లోపలికి అగ్గిపెట్టెలు, లైటర్లు తీసుకెళ్ళకూడదని మీసాలాయన చెప్పి చెయ్యి చాచాడు. పెద్దావిడ ఫక్కున నవ్వింది.

"జన్మంతా అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలోనే చేశాను బాబూ. ఒంటిమీద ఒక్క పుల్ల లేదు, చూసుకో" అంది. చూడవచ్చినవాళ్ళకిచ్చే హెల్మెట్లలో చిన్నది ఏరి మీసాలాయన ఆవిడ తలకు పెట్టాడు.

ఆ తలుపు వెనక ఇంకో తలుపుంది. బయటి గాలి లోపలికి పోతే వేల ఏళ్ళనాటి రంగులు చెడిపోతాయని, ఒకటి మూశాకే రెండోది తెరుస్తారు. వెనక తలుపు ధన్ మని మూసుకున్నప్పుడల్లా గైడుకి మెడ మీద వెంట్రుకలు లేస్తాయి. ఈ రోజూ లేచాయి. బొమ్మల మీద వెలుగు ఎక్కువ పడకూడదు గనక చూడవచ్చినవాళ్ళకు దీపాలివ్వరు. ఉన్నదొక్కటే, అతని చేతిలోది. ఫోన్లు కూడా బయటి అరలోనే పెట్టి రావాలి.

"తల వంచండి. ఎడమవైపు గోడ ముట్టుకోకండి. తాడు వదలకండి" అన్నాడు. గొంతు మామూలుగానే పలికింది. ఇన్నేళ్ళుగా ఆ మాటలు నోటికి అలవాటైపోయి వాటంతటవే వస్తాయి.

దారి పొడవునా నడుమెత్తున తాడు కట్టి ఉంది. పెద్దావిడ దాన్ని పట్టుకుని అడుగులో అడుగు వేసుకుంటూ వస్తోంది. అతనికేమో తొందరగా చూపించేసి తొందరగా బయటపడాలని ఉంది. ఆవిడ ప్రతి మలుపులోనూ ఆగుతుంది. ఎక్కడో నీటిబొట్టు రాలుతుంది. ఆ చప్పుడు ఏ దిక్కునుంచి వచ్చిందో తెలియదు. తెలియకపోవడమే అతనికి పడదు. దీపం పిడిని ఎంత గట్టిగా పట్టుకున్నాడంటే వేళ్ళు తిమ్మిరెక్కాయి.

మొదటి గదిలో గోడ నిండా జంతువులు. నడుమ పెద్దది, మసితో గీసింది, కొమ్ములు ముందుకు వంచుకుని నిలబడింది. ఆవిడ తాడు మీదికి వంగి దాన్ని కొమ్ముల నుంచి తోక దాకా చూసింది. తర్వాత చెప్పుకొచ్చింది. తమ ఫ్యాక్టరీ అగ్గిపెట్టె మీద ఉండేది ఈ బొమ్మేనట. పదిహేనో ఏట చేరింది మొదలు పని మానేదాకా రోజూ ఆ కాగితం అంటించడమే ఆవిడ పని. ఎన్ని లక్షల సార్లు అంటించిందో దేవుడికే తెలియాలట. అసలుదెలా ఉంటుందో చూడాలని ఉండేదట గానీ, ఆదివారమొస్తే బట్టలుతుక్కోవడం, ఒళ్ళు వాల్చడం, అలా గడిచిపోయింది.

"మా కాగితం మీద ఇది అటు చూస్తుంది. ఇక్కడ ఇటు చూస్తోందే" అంది. అని, ఇది ఆవా, ఎద్దా అని అడిగింది.

ఎద్దేనని చెప్పాడతను. ఆవిడ గెలిచినట్టు తలూపింది.

చివరి గది ఇంకా లోతున ఉంది. అక్కడ గోడమీద చేతులున్నాయి. ఎవరో గోడకు అరచెయ్యి ఆనించి చుట్టూ ఎర్రమన్ను ఊదితే మిగిలిన గుర్తులు. ఆ గదిలోనే, మామగారు పెట్టిపోయిన ఆచారం ప్రకారం, దీపం ఆర్పాలి. ఆ కాలంవాళ్ళు చూసిన చీకటి ఎలాంటిదో జనానికి తెలియాలని ఆయన సరదా. డబ్బిచ్చి వచ్చినవాళ్ళంతా దాని కోసమే ఎదురుచూస్తారు. గైడు దానికొక ఉపాయం కనిపెట్టుకున్నాడు. మీట నొక్కేముందే కళ్ళు మూసుకుంటాడు. కళ్ళు మూసుకుంటే వచ్చే చీకటి తనది. అవతలున్నది గుహది. ఒక గుక్క ఊపిరి పీల్చి వదిలి, మీట నొక్కి, కళ్ళు తెరుస్తాడు. ఇన్నేళ్ళుగా ఆ గుహ చీకటిని అతను చూడనే లేదు.

పెద్దావిడ ఆయాసపడుతూ రాతి అరుగు మీద కూర్చుంది. బాగానే ఉన్నారా అని అడిగాడు. మెట్లు దిగిన అలసట, అంతే అంది. అతను కళ్ళు మూసుకుని దీపం ఆర్పాడు. ఊపిరి పీల్చాడు. వదిలాడు. వేలు మీట మీదికి వెళ్ళింది.

"ఇంకాసేపు ఉండనీ బాబూ" అందావిడ.

ఉలిక్కిపడి కళ్ళు తెరిచాడు. తెరిచినా, మూసినా ఒకటిగానే ఉంది. పైప్రాణాలు పైనే పోయాయి. తన చెయ్యి తన ముఖం ముందే ఉంది, కానీ లేదు. నేల ఎక్కడ ఆగిందో, కప్పు ఎక్కడ మొదలైందో తెలియడం లేదు. వెలిగించెయ్యాలి. కానీ ఆవిడ అడిగింది. ముసలావిడ, మర్యాదగా అడిగింది.

"నీ ఊపిరి నాకు వినపడుతోంది. భయమా?" అంది కాసేపటికి.

భార్యతో కూడా ఏనాడూ నోరు విప్పి చెప్పని మాట అది. చీకట్లో ముఖం కనపడదు కదా అనుకున్నాడో ఏమో, "భయమేనమ్మా" అన్నాడు.

"నాకూను. చెయ్యి ఇటివ్వు."

గాల్లో వెతుక్కుంటే ఆవిడ చెయ్యి దొరికింది. చిన్నగా, పొడిగా ఉంది. జిగురూ కాగితమూ రాసుకుని రాసుకుని వేళ్ళ కొసలు నున్నగా అరిగిపోయాయి. అతను అరుగు అంచున కూర్చుండిపోయాడు. ఆవిడ మాట్లాడుతూ ఉంది, సరిగ్గా కరెంటు పోయినప్పుడు అతని భార్య మాట్లాడినట్టే. ఫ్యాక్టరీలో తన పక్క కుర్చీలో కూర్చుని పనిచేసిన ఆమె గురించి చెప్పింది. బొమ్మలోది ఆవని ఆమె, ఎద్దని తను, ఇద్దరూ పని మానేదాకా పోట్లాడుకున్నారట. ఆమె ఇప్పుడు మంచం పట్టిందట. "వెళ్ళి చెప్పాలి దానికి" అని నవ్వింది. ఆ నవ్వు మధ్యలో ఆగి, చిన్న నిట్టూర్పయింది.

"ఎద్దే" అంది మెల్లగా, ఎవరితోనో.

ఆ తర్వాత మాట్లాడలేదు. గుహను వింటోందనుకున్నాడు. చేతిలో చెయ్యి కొంచెం బరువెక్కింది. అమ్మా, అని పిలిచాడు. నీటిబొట్టు రాలింది. మళ్ళీ పిలిచాడు. మీట దొరకలేదు, వేళ్ళు దీపమంతా పాకాయి. దొరికింది.

ఆవిడ గోడకు ఆనుకుని కూర్చునే ఉంది. గడ్డం కాస్త వాలింది. కళ్ళు సగం మూతపడ్డాయి.

నేలమీద పడుకోబెట్టి, శిక్షణలో రబ్బరు బొమ్మ మీద నేర్పినట్టు ఛాతీ నొక్కాడు. నొక్కుతూనే ఉన్నాడు. చెమట కళ్ళలోకి దిగింది. అరిచాడు. అరుపు పోయి పోయి, ఎక్కడో మలుపులో పడి చచ్చిపోయింది. రెండు తలుపుల అవతల మీసాలాయనకి ఉరుమైనా వినపడదు. చెవి ఆవిడ ముక్కుకు ఆనించాడు, చేతిగడియారం అద్దం పెట్టి చూశాడు. అద్దానికి తడి అంటలేదు.

మనిషిని పిలుచుకు రావాలి. అంటే ఒంటరిగా వెళ్ళాలి. దీపం అందుకుని లేచి, రెండడుగులు వేశాడు. వెనక్కి తిరిగి చూశాడు. వెలుగు అతనితోపాటే కదిలి వచ్చేసింది. ఆవిడ ఉన్నచోట ఏమీ లేదు.

నాకూను, అంది కదా.

ఎంతసేపు అలా నిలబడ్డాడో తెలియదు. చివరికి వెనక్కి వెళ్ళి, దీపాన్ని అరుగు మీద పెట్టాడు. చేతుల గుర్తుల మీద పడకుండా, ఆవిడ ముఖం మీద పడేలా తిప్పాడు. అప్పుడు తాడు పట్టుకుని చీకట్లోకి నడిచాడు.

మొదటి మలుపు దాకా వెనకనుంచి కాస్త వెలుగు వచ్చింది. తర్వాత అది కూడా లేదు. ఎవరో మెడమీద ఊదినట్టయింది. పరిగెత్తితే తల పగులుతుందని తెలుసు, అయినా కాళ్ళు పరుగెత్తబోయాయి. వెనక ఏదో ఉంది, లేదని తెలుసు, ఉంది. పళ్ళు టకటక కొట్టుకున్నాయి. ఏడుపొచ్చింది. ఏడుస్తూనే "తల వంచండి" అన్నాడు పైకి. తల వంచాడు. రాయి నెత్తి మీదుగా పోయింది. "ఎడమవైపు గోడ ముట్టుకోకండి. తాడు వదలకండి. నిదానంగా రండి, తొందరేం లేదు." వెనక ఒక పెద్ద గుంపు వస్తున్నట్టు, వాళ్ళలో పిల్లలూ ముసలివాళ్ళూ ఉన్నట్టు, చెబుతూనే నడిచాడు. ఎద్దు ఉన్న గదిలో ఎద్దు గురించి మొత్తం చెప్పాడు. నోరు ఆగితే తను అక్కడే కుప్పకూలిపోతానని తెలుసు. తాడు అయిపోయి చేతికి చల్లటి ఇనుము తగిలినప్పుడు కూడా "జాగ్రత్త, గడప ఉంది" అంటున్నాడు.

మీసాలాయన కుర్చీలోంచి లేచాడు. అతని ముఖం చూశాడు, ఖాళీ చేతులు చూశాడు.

"దీపమేది?"

"ఆవిడ దగ్గర ఉంది" అన్నాడు గైడు. అని మెట్టు మీద కూలబడ్డాడు.

డాక్టరు వచ్చాడు. మళ్ళీ లోపలికి దారి చూపించింది గైడే. గుండె ఆగిపోయిందనీ, పక్కనే ఆసుపత్రి ఉన్నా ఇంతకంటే చేసేదేమీ ఉండేది కాదనీ డాక్టరు చెప్పాడు. మోసుకొచ్చారు. మధ్యాహ్నం దాటాక ఆవిడ మేనకోడలు వచ్చింది, పని బట్టలతోనే. ఎక్కువ ఏడవలేదు. కాగితాలవీ అయ్యాక గైడు దగ్గరికి వచ్చి, అత్తయ్య భయపడిందా అని అడిగింది.

"కొంచెం పడ్డారమ్మా. నేనూ పడ్డాను. చెయ్యి పట్టుకుని కూర్చున్నాం" అన్నాడు. పక్క కుర్చీ ఆమెకి చెప్పాలన్నారనీ, గుహలో ఉన్నది ఎద్దేననీ కూడా చెప్పాడు. అప్పుడు మాత్రం ఆ అమ్మాయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నవ్విందో ఏడ్చిందో తెలియలేదు. ఆవిణ్ణి ఎక్కించుకున్న బండి వెళ్ళిపోయింది.

ఆ ఒక్క నడకతో అతని భయం వదిలిపోయిందనుకుంటే పొరపాటు. సాయంత్రం తలుపు వేసేముందు ఎప్పటిలాగే మీసాలాయన్ని రమ్మన్నాడు. ఈసారి నిబంధన మాట ఎత్తలేదు. మీసాలాయన కూడా గొణగలేదు. ఇద్దరూ లోపలికి వెళ్ళి, చూసి, వచ్చారు. దారంతా మీసాలాయన తన పంటి నొప్పి గురించి మాట్లాడుతూనే ఉన్నాడు.

మీసాలాయన ఇంటికి వెళ్ళాక, గైడు ఆ రోజు వాడిన హెల్మెట్లు తుడవడానికి కూర్చున్నాడు. చిన్న సైజుది తిరగేసి లోపలి పట్టీ మీద గుడ్డ పెడితే ఏదో గుచ్చుకుంది. నల్లటి తలపిన్ను. మడత దగ్గర రంగు ఊడి ఇనుము కనిపిస్తోంది. జాగ్రత్తగా విడదీసి కిటికీ గట్టు మీద పెట్టాడు. బయట ఇంకా వెలుగుంది. పిన్నుకు చుట్టుకున్న తెల్ల వెంట్రుక ఒకటి గాలికి లేస్తూ, పడుతూ ఉంది.