గ్రీజు పూసిన కంప్యూటరు

షాపు షట్టర్ సగం దాకా లేచి ఆగిపోయింది. రోజూ అక్కడే ఆగుతుంది. మదార్ దాన్ని భుజం మీద ఆనించుకుని, కాసేపు ఊపిరి పీల్చుకుని, పళ్ళ బిగువున మళ్ళీ పైకి తోశాడు. ఎడమవైపు గాడిలో తుప్పు కరకరలాడింది. ఎర్రటి పొడి చొక్కా మీద రాలింది. షట్టర్ పైకి చేరాక ఛాతీ మీద చెయ్యి వేసుకుని మెట్టు మీద కూలబడ్డాడు.

"ఏంది మదారూ, పొద్దున్నే కుస్తీనా?" అన్నాడు ఎదురు టీ బంకులోంచి కామాక్షయ్య. రోజూ అనే మాటే అది.

"ఈ ఆదివారం బాగుచేయిస్తాలే అన్నా," అన్నాడు మదార్. ఆ జవాబూ రోజూ చెప్పేదే. ఎన్ని ఆదివారాలు పోయాయో ఇద్దరూ లెక్క పెట్టుకోలేదు.

ఇందుకూరుపేట సెంటర్లో ఆ గది మదార్ వాళ్ళ నాన్న కాలం నుంచీ ఉంది. నాన్న అందులో రేడియోలు, గోడ గడియారాలు బాగుచేశాడు. మదార్ టేప్‌రికార్డర్లతో మొదలుపెట్టి, టీవీల మీదుగా కంప్యూటర్ల దగ్గరికి వచ్చాడు. సామాను మారిందే గాని బల్ల మారలేదు. మైపాడు సముద్రం వైపు నుంచి వచ్చే ఉప్పుగాలి దేన్నీ వదలదు. గేట్లు, సైకిళ్ళు, మోటార్లు అన్నిటినీ కొరుక్కు తింటుంది. మదార్‌కు ఇన్నాళ్ళూ కూడు పెట్టింది కూడా ఆ గాలే కాబట్టి దాన్ని తిట్టే హక్కు అతనికి లేదు. ఊళ్ళో వాళ్ళ వస్తువులన్నీ బాగుచేస్తాడు, తనవి మాత్రం చేసుకోడు. కళ్ళజోడు కాడకు రాగితీగ చుట్టి ఉంటుంది. ఇంట్లో ఫ్యాను కీచుమంటూ తిరుగుతుంది. భార్య లాల్‌బీ వాడే మిక్సీ, మూత మీద చెయ్యి అదిమిపట్టుకుంటే తప్ప పని చెయ్యదు.

చీపురు తిప్పి, అగరుబత్తి వెలిగించి, తన కంప్యూటర్ ఆన్ చేశాడు. అది ఎవరెవరో వద్దని వదిలేసిన ముక్కలతో కట్టుకున్నది. దాని పక్కలకు రేకులు కూడా లేవు. పని మొదలుపెట్టే ముందు అందులో పాత పాటలు పెట్టుకోవడం అతని అలవాటు.

మొదటి పాట అయ్యేలోపే మోపెడ్ వచ్చి ఆగింది. బండి నడిపేవాడు పెంచల్, రొయ్యల గుంటల్లో ఏరేటర్ మోటార్లు బాగుచేసే మనిషి. నీళ్ళు చిలికి రొయ్యలకు గాలి అందించే ఆ మోటార్లు ఆగితే, ఎంత దూరంలో ఉన్నా పెంచల్‌కు ఫోన్ వస్తుంది. వెనక అతని భార్య వనజాక్షి, చీరలో చుట్టిన మానిటర్‌ను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. పెంచల్ భుజాన రొయ్యల మేత సంచి ఉంది. దాన్ని తెచ్చి బల్ల మీద బోర్లిస్తే కంప్యూటర్ విడిభాగాలన్నీ బయటపడ్డాయి.

"అన్నా, అన్నీ ఒక్కొక్కటే కొని పెట్టినా. బిగిచ్చేది ఒకటే మిగిలింది గదా అని కూచుంటే, ఒకటి కూచోలా, ఇంకోటి పట్టలా."

"ఎప్పటికి కావాల?"

పెంచల్ భార్య వైపు చూశాడు. వనజాక్షి చెప్పింది. నెల్లూరులో ఒక ఆఫీసువాళ్ళు పాత కాగితాలు చూసి టైపు చేసే పని ఇస్తున్నారు, ఇంట్లో కూర్చునే చెయ్యొచ్చు. సొంత కంప్యూటర్ ఉండాలి. రేపు పొద్దున ఆ కంప్యూటర్ మీదే పరీక్ష పెడతారు. కుదరకపోతే జాబితాలో తరవాతి మనిషిని పిలుస్తారు.

చెప్పేటప్పుడు ఆమె చేతులు పమిట కింద దాచుకుంది గాని మదార్ అప్పటికే చూశాడు. రొయ్యలు ఒలిచే కంపెనీలో ఐసు నీళ్ళలో నాని నాని వేళ్ళ కొసలు చీలిపోయాయి. రెండు వేళ్ళకు గుడ్డ చుట్టి ఉంది. ఇంకా ఆ పనికే పోతే చర్మం మళ్ళీ కూడుకోదని డాక్టర్ చెప్పేశాడట. పెళ్ళికి ముందు టైపు నేర్చుకుంది, అది చేతిలోనే ఉంది. కంప్యూటర్ లేకపోతే ఎల్లుండి మళ్ళీ ఐసు నీళ్ళే.

మదార్ ముందు మెమరీ ముక్కను చేతిలోకి తీసుకున్నాడు. అది జర్రున జారి బల్ల మీద పడింది. వేళ్ళు వాసన చూసుకున్నాడు.

"ఇదేందిరా అబ్బయ్యా?"

"గ్రీజన్నా," అన్నాడు పెంచల్, గొప్ప పని చేసినవాడిలా. "ఏరేటర్ తీగల కొసలకు పూస్తాం గదా. పూయకపోతే వారానికే తుప్పు పడతాది. దీని పండ్లు బంగారం రంగులో కనపడినాయి. ఖరీదైందిలే అని ఇంకొంచెం మందంగా పూసినా."

మదార్ ఒక్కొక్కటే తీసి చూశాడు. మెమరీ పళ్ళకు గ్రీజు, కేబుళ్ళ కొసలకు గ్రీజు. ప్రాసెసర్ అడుగున ఉండే సన్నటి చుక్కల నిండా గ్రీజు. నవ్వు ఆపుకోలేక దగ్గు వచ్చేదాకా నవ్వాడు.

"నిద్రపోతా ఉంటే నా తాళిబొట్టుక్కూడా పూస్తాడన్నా ఈయన," అంది వనజాక్షి. నవ్వుతూనే అంది గాని కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

మదార్ నవ్వు ఆపేశాడు. పెంచల్‌ను తిట్టాలనిపించలేదు. ఉప్పుగాలికి ఎదురు నిలబడాలంటే గ్రీజు తప్ప ఇంకో మందు తెలియని ఊళ్ళివి. భార్య కోసం కొన్న వస్తువును గాలి తినెయ్యకూడదని పూశాడు, అంతే కదా.

"మోటార్‌కు మంచిదే. ఇది మాత్రం సన్నం కరెంటు. గ్రీజుంటే దారి మూసుకపోతాది," అన్నాడు. తరవాత బోర్డునూ మెమరీనీ పక్కపక్కన పెట్టి చూపించాడు. "అసలు సంగతి ఇంకోటుండాది. నీ బోర్డు పాతది, మూడో రకం మెమరీ అడగతాది. నువ్వు తెచ్చింది నాలుగో రకం."

"మూడు కంటే నాలుగు పెద్దది గదన్నా?"

"పెద్దదే. పదో తరగతి పుస్తకం పట్టుకొని తొమ్మిదిలో కూచుంటే అయివారు ఊరుకుంటాడా? ఇదో, గాటు చూడు. దీనికి ఇక్కడుండాది, దానికి అక్కడుండాది. అందుకే కూచోలా."

ఇవన్నీ బిగించే క్యాబినెట్ పెట్టె సంగతి మరీ బాగుంది. నీలం దీపాలు చూసి మోజుపడి కొన్నాడు పెంచల్. అది మరీ చిన్నది. దానిలో పవర్ సప్లై పెడితే ప్రాసెసర్ మీది ఫ్యానుకు చోటు లేదు, ఫ్యాను పెడితే పవర్ సప్లైకి చోటు లేదు. దేనికది మంచి సామానే, ఒకదానికొకటి మాత్రం పొసగవు.

"అయితే కాదా అన్నా?" అని అడిగింది వనజాక్షి.

మదార్ నోటి నుంచి కాదు అనే మాట రావడం ఆ సెంటర్లో ఎవరూ వినలేదు. "చూద్దాం" అంటాడు. ఆ చూద్దాంతో లాల్‌బీ జీవితమంతా వేగింది.

"చూద్దాం కూచో తల్లీ," అన్నాడు.

గుడ్డ పేలిక స్పిరిట్‌లో ముంచి గ్రీజు తుడవడం మొదలుపెట్టాడు. జిడ్డు పోయాక సొరుగులోంచి రబ్బరు తీశాడు. బడిపిల్లలు పెన్సిల్ గీతలు చెరిపే మామూలు రబ్బరే, వాడి వాడి నల్లబడింది. ఇత్తడైనా బంగారమైనా పళ్ళను దానితోనే రుద్దుతాడు, ఒకేవైపు, నెమ్మదిగా. ఏ కంపెనీ మందు కొనమన్నా వినడు. వనజాక్షి కాసేపు చూసి, "ఇట్టియ్యన్నా, నేను రుద్దతా," అని తీసుకుంది. గుడ్డ చుట్టిన వేళ్ళతోనే కేబుళ్ళ కొసలన్నీ ఓపిగ్గా మెరిపించింది.

ఇనుప పని పెంచల్‌ది. క్యాబినెట్ వెనక రేకును రంపంతో కోసి, అంచులు లోపలికి మడిచి, పవర్ సప్లైని వీపు మీద మూటలా బయటే బిగించాడు. అందుకు ఏరేటర్ పైపుకు వేసే క్లాంపు వాడాడు. చూడ్డానికి వికారంగా ఉంది గాని ఊపినా కదలలేదు.

"నీలం దీపాలు కనపడతాయా?" అని అడిగాడు పెంచల్.

"కనపడతాయిలేరా."

మధ్యాహ్నం మదార్ నమాజుకు వెళ్ళి, ఇంట్లో రెండు ముద్దలు తిని వచ్చేసరికి, షట్టర్ కింద స్టూలు వేసుకుని పెంచల్ నిలబడి ఉన్నాడు. గాడిలోని తుప్పంతా ఉప్పుకాగితంతో గీకి, మోపెడ్ పెట్టెలోంచి గ్రీజు డబ్బా తెచ్చి వేలితో పూస్తున్నాడు.

"ఏం చేస్తన్నావురా?"

"ఊరికే కూచోలేనన్నా. దీనికైతే పూయొచ్చు గదా?"

"పూయ్, పూయ్. నీ కసి తీరా పూయ్," అన్నాడు మదార్.

మెమరీ కోసం నెల్లూరులో పాత సామాన్లు అమ్మే సైఫుల్లాకు ఫోన్ చేశాడు. ఆ రకం ఇప్పుడు లేదనీ, శనివారానికి తెప్పిస్తాననీ సైఫుల్లా చెప్పాడు. వనజాక్షి ఆ మాట విని తలవంచుకుంది. రబ్బరు పట్టుకున్న చెయ్యి ఆగిపోయింది.

మదార్ కళ్ళజోడు సర్దుకుని, తన కంప్యూటర్ దగ్గరికి వెళ్ళి దాన్ని ఆపేశాడు. పాట మధ్యలోనే తెగిపోయింది. అందులోని మెమరీ ముక్కను ఊడబెరికి, రబ్బరుతో రుద్ది, పెంచల్ బోర్డులో పెట్టి రెండు బొటనవేళ్ళతో నొక్కాడు. టక్కుమని కూర్చుంది.

"అది నీది గదన్నా!"

"శనివారం నాకు ఇంకోటి తెచ్చుకుంటా. నీ నాలుగో రకం ఉంచిపో, సైఫుల్లా మార్చిస్తాడు. నాకేమన్నా రేపు పరీక్షా?"

స్విచ్ వేశాడు. ఫ్యాను తిరిగింది, నీలం దీపాలు వెలిగాయి. తెర మాత్రం నల్లగానే ఉంది. కుయ్ కుయ్‌మని ఆగకుండా కూత వేసింది. పెంచల్ మొహం పాలిపోయింది. వనజాక్షి లేచి నిలబడి బల్ల అంచు పట్టుకుంది. మదార్ చెవి దగ్గరగా పెట్టి విన్నాడు. ఆ కూత మెమరీదే. ముక్కను మళ్ళీ తీసి, అది కూర్చునే గాడిలోకి టార్చి వేసి చూశాడు. మూలమూలలా నల్లటి జిడ్డు ఉంది.

"దీంట్లో ఎప్పుడు పూసినావురా?"

"పూయలేదన్నా. నాలుగో రకాన్ని కూచోబెట్టాలని బలంగా నొక్కినా. అప్పుడు అంటుకోనుంటాది."

పాత పళ్ళ బ్రష్‌ను స్పిరిట్‌లో ముంచి ఆ సన్నటి గాడిని తోమడంలో సాయంత్రం దాకా గడిచిపోయింది. మదార్ మెడ పట్టేసింది. మధ్యలో ఒకసారి ఆగి, ఎడమ భుజం రుద్దుకుని, మళ్ళీ వంగాడు. ఈసారి స్విచ్ వేస్తే ఒక్కటే చిన్న కూత. తెర తెల్లబడి అక్షరాలు వచ్చాయి.

మదార్ కీబోర్డును వనజాక్షి ముందుకు జరిపాడు. ఆమె గుడ్డ చుట్టిన వేళ్ళు మీటల మీద పెట్టి, ఒక్క క్షణం ఆగి, టకటకా కొట్టడం మొదలుపెట్టింది. తెర మీద వరసలు వరసలుగా అక్షరాలు పడుతున్నాయి. ఆమె వాటినే చూస్తోంది. చేతుల వైపు ఒక్కసారి కూడా చూడలేదు. మదార్‌కు చాలా సంతోషమేసింది. ఎన్నో సామాన్లు బాగుచేశాడు గాని, బాగైన సామాను ఇంత తొందరగా ఒకరికి అక్కరకు రావడం అరుదు.

"కీబోర్డు ఇరగ్గొట్టేట్టున్నావే తల్లీ," అన్నాడు.

వాళ్ళు బయలుదేరేటప్పుడు రబ్బరును బ్లేడుతో రెండు ముక్కలు చేసి, ఒకటి వనజాక్షికి ఇచ్చాడు. "గాలికి మళ్ళీ మసి పడతాది. తెర నల్లబడితే భయపడొద్దు. మెమరీ ఊడబెరికి దీంతో రుద్ది పెట్టు. ఈయన్ని మాత్రం దగ్గరికి రానీయొద్దు."

"ఒట్టన్నా, డబ్బా ముట్టను," అన్నాడు పెంచల్.

వాళ్ళు పోయాక మదార్ షట్టర్‌కు చెయ్యి ఆనించాడు. అది తనంతట తానే దిగినట్టు జర్రున దిగింది. నమ్మకం కుదరక మళ్ళీ ఎత్తాడు. ఒక్క చేత్తోనే లేచింది. మళ్ళీ దించాడు. కామాక్షయ్య బంకులోంచి బయటికి వచ్చి, "ఏంది, ఆదివారం ముందే వచ్చిందే!" అన్నాడు.

ఇంట్లో చేపల పులుసు కలుపుకుంటూ మదార్ లాల్‌బీకి చెప్పింది ఆ ఒక్క సంగతే. "షట్టర్ ఒంటి చేత్తో లేస్తన్నాది."

"నేను ఏండ్ల తరబడి మొత్తుకుంటే వినలేదు. ఎవడో వచ్చి చేసిపోతే సంబరమా?"

"రేపు నువ్వే వచ్చి ఎత్తి చూడు," అన్నాడు.

తెల్లారి అజాన్ వినపడ్డాక లాల్‌బీ లేపబోయింది. మదార్ లేవలేదు. భుజం తట్టింది. భుజం చల్లగా ఉంది. నిద్రలోనే గుండె ఆగిపోయిందని డాక్టర్ చెప్పాడు.

ఆ పొద్దున వనజాక్షి పరీక్ష బాగా రాసింది. పెంచల్ మిఠాయి పొట్లం పట్టుకుని మోపెడ్ మీద సెంటర్‌కు వచ్చాడు. షాపు మూసి ఉంది. కామాక్షయ్య ఎదురొచ్చి సంగతి చెప్పాడు. పెంచల్ పొట్లం బంకు బల్ల మీద పెట్టేసి, మదార్ ఇంటికి నడిచాడు. కబరస్తాన్ దాకా జనాజాకు భుజం పట్టాడు. సాయంత్రం ఇంటికి పోయి ఏడ్చాడు.

భర్త పోయిన ఆడమనిషి గడప దాటకూడని ఇద్దత్ రోజులు గడిచాక, ఎవరి సామాన్లు వాళ్ళకు ఇచ్చేద్దామని లాల్‌బీ తాళంచెవి తీసుకుని షాపుకు వచ్చింది. ఈ షట్టర్ సంగతి ఆమెకు బాగా తెలుసు. ఇన్ని నెలల ఉప్పుగాలికి మళ్ళీ బిగుసుకుని ఉంటుందనుకుంది. కొంగు నడుముకు దోపి, కాళ్ళు ఊనుకుని, రెండు చేతులతో బలమంతా పెట్టి లాగింది. షట్టర్ ఒక్క ఊపున పైకి ఎగిరిపోయింది. ఆమె వెనక్కి తూలి, గోడ పట్టుకుని నిలదొక్కుకుంది. మదార్ పోయిన రోజు కూడా గొంతు ఎత్తని లాల్‌బీ అక్కడ, నడిబజారులో, ఆ మెట్టు మీద కూర్చుని బావురుమంది. కామాక్షయ్య టీ పట్టుకొచ్చి పక్కన పెట్టి వెళ్ళిపోయాడు.

కాసేపటికి కళ్ళు తుడుచుకుని లోపలికి నడిచింది. బల్ల మీద మదార్ కంప్యూటర్ మెమరీ లేకుండా అలాగే ఉంది, పెంచల్ వదిలిపోయిన ముక్క దాని పక్కనే. వాటి ముందు సగం రబ్బరు పడి ఉంది, పైనంతా నల్లగా, బ్లేడు దిగిన వైపు మాత్రం ఇంకా తెల్లగా.