పోస్టర్ వెనక మొహం

"ఇలియాస్ భాయ్, పోస్టర్లు సజ్జా క్యాంపుల దింపిన. ఖలాస్," అన్నాడు దయాకర్, పికప్ తాళాలు ఊపుతూ.

ఇలియాస్ యంత్రం కింద చూశాడు. చెడిపోయిన కాగితాలు లేవు.

దుబాయ్ అల్ ఖూజ్‌లోని ఆ ప్రెస్‌లో అతను మెషిన్ ఆపరేటర్. శుక్రవారం ప్రెస్ మూసినప్పుడు, లైసెన్సు లేకుండా, కూలీల క్యాంపుల్లోని తెలుగువాళ్ల కోసం ఒంటి కాగితం పత్రిక వేసేవాడు. పేరు 'కబురు'. పెట్టింది, రాసేది అతనే. పంచేది దయాకర్. దొరికితే జైలు, ఆపైన నెల్లూరుకు గెంటివేత.

నిన్న వేసిన, ఇంకా పంచని 'కబురు'లో లింబాద్రి ఫొటో వేశాడు. పారిపోయాడని కంపెనీ చెప్పిన ఆ సజ్జా క్యాంపు కూలీ, సైటులో పడి చనిపోయి మార్చురీలో ఉన్నాడు.

కొత్త పని మొదలెడితే, రంగు కుదిరేదాకా పాత చెడు కాగితాల వెనకవైపే అచ్చు వేస్తారు. కుదిరాక వాటిని ఏరి పారేయాలి. ఉదయం తొందరలో ఇలియాస్ 'కబురు' చెడు ప్రతులు వాడాడు. ఏరడం మరిచాడు; అవీ పోస్టర్ల కట్టలోనే పోయాయి. హెల్మెట్ పెట్టుకోమని చెప్పే ఆ పోస్టర్లు లింబాద్రి కంపెనీవే.

"రేయ్, బండి తియ్యి!"

వాళ్లు చేరేసరికి డ్యూటీ బస్సులు దిగిన కూలీలు ముంగిట్లో ఉన్నారు. క్యాంపు బాస్ మౌలా సాహెబ్ గోడకు జిగురు పూయించి పోస్టర్లు అద్దిస్తున్నాడు.

"రంగు తేడా వచ్చింది సాబ్. వాపసిచ్చేయండి, మళ్లీ వేసిస్తా."

"హెల్మెట్ బొమ్మకు రంగేంది మియా? నీ పెండ్లి కార్డా?"

ఇలియాస్ నవ్వబోయాడు. అప్పుడే గోడ జిగురుకు పోస్టర్ తడిసింది. హెల్మెట్ కింది ఖాళీలో, కాగితం వెనక నుంచి, నల్లగా ఒక మొహం తేలింది.

"అరే, గీడు మన లింబాద్రి గదా!" బ్రష్ పట్టుకున్న రాజేశ్వర్ అరిచాడు.

పక్క పోస్టర్‌లోనూ అదే మొహం. జనం గుమిగూడారు.

"పారిపోయిండంటివి గద సాబ్? యాడున్నడు? చెప్పు!"

మౌలా సాహెబ్ వెనక్కి జరిగాడు. "తీస్కపో మియా! అన్నీ తీస్కపో, యల్లా!"

కట్ట ఎత్తుకుని ఇలియాస్ బండెక్కాడు. అద్దంలో చూస్తే మౌలా సాహెబ్ ఫోన్ చెవిన పెట్టుకుని, వాళ్ల బండి నంబరు చదువుతున్నాడు.

"ఎయిర్‌పోర్టుకు పోదామా భాయ్?" దయాకర్ అడిగాడు.

"పాస్‌పోర్టు వీసా ఇచ్చిన కఫీల్ బీరువాలో ఉందిరా. ప్రెస్‌కే పోనీ. లింబాద్రి అచ్చు ప్లేటు ఇంకా చెరపలా. పోలీసులొచ్చేలోపల ఎన్ని పడితే అన్ని వేస్తా."