తస్కేన్యాలో సీటు

నా మేనకోడలు హసింతా చూపించిన ఇల్లు బాగుంది, కాదనను. పోర్తాలెస్‌లో, తను ఉండే వీధిలోనే, బాల్కనీ నిండా ఎండ. ఆదివారం మెట్రో ఎక్కించి మరీ చూపించింది. మా కుట్టు కార్ఖానాకి ఆరు స్టేషన్లు, పన్నెండు నిమిషాలు. రైలు ఖాళీ, ఇద్దరం కాళ్లు చాపుకుని కూర్చున్నాం.

"ఇంకేం కావాలత్తా నీకు? రేపే తాళాలు తీసేసుకుందాం," అంది హసింతా.

"రేపు పొద్దున ఏడింటికి ఇక్కణ్ణించే పనికెళ్లి చూస్తా. తాళాల సంగతి తర్వాత."

"ఇల్లు చూస్తున్నావా, రైలు చూస్తున్నావా?"

"నా మోకాలు చూసుకుంటున్నా."

ఇప్పుడున్న ఇల్లు నెలాఖరుకి ఖాళీ చెయ్యాలి. నాకు అరవై ఒకటి. పదిహేనేళ్లు నిండిన ఆడపిల్లల వేడుకకి గౌను కుట్టాలంటే మా కార్ఖానాలో నా తర్వాతే ఎవరైనా. కానీ కుడి మోకాలు అరిగిపోయింది. నిలబడి ప్రయాణం చేసిన రోజు మిషను తొక్కలేను. తొక్కలేకపోతే మిషను ఇంకొకరికి పోతుంది. నా భయమల్లా అదే.

సోమవారం ఏడింటికి పోర్తాలెస్‌లో నిలబడ్డాను. ఆడవాళ్ల బోగీలు కూడా కిక్కిరిసి వచ్చాయి. మూడు రైళ్లు వదిలేశాను. ఆదివారం ఇల్లు చూసుకుని సోమవారం ఏడ్చేవాళ్లు ఈ ఊళ్లో కోకొల్లలు. నేను ఆ బాపతు కాదు.

ఇద్దరు నర్సులు మెట్లు దిగి అవతలి ప్లాట్‌ఫారానికి పోతున్నారు. అడిగితే, వాళ్లు వెళ్లాల్సిందీ నా వైపే అన్నారు. సీటు కోసం మూడు స్టేషన్లు వెనక్కి, లైను మొదలయ్యే తస్కేన్యాకి పోతున్నారు. నేనూ వాళ్ల వెంట పడ్డాను. అక్కడ ఖాళీ రైలు వచ్చి తలుపులు తెరిచింది. కిటికీ పక్కన కూర్చున్నాను. ఆ రోజు సాయంత్రం దాకా మిషను తొక్కినా మోకాలు కిక్కురుమనలేదు.

పని అయ్యాక మళ్లీ తస్కేన్యాకే వెళ్లి వీధులు తిరిగాను. రొట్టెల కొట్టామెని నీళ్ల సంగతి అడిగాను.

"నీళ్లు రోజూ వస్తాయి. బస్టాండు మోతే భరించాలి," అంది.

"ముప్పై ఏళ్లు మిషన్ల మధ్య బతికానమ్మా."

చీకటి పడకముందే గది మాట్లాడేసుకున్నాను.

హసింతా మొహం మాడ్చుకుంది. "బస్టాండు పక్కన కాపురమా? నా దగ్గర ఉండటం ఇష్టం లేదని చెప్పొచ్చుగా."

ఆ మాట గుచ్చుకుంది. తల్లి లేని పిల్ల, నేనంటే ప్రాణం. అయినా నేను మనసు మార్చుకోలేదు.

ఇల్లు మారిన మొదటి సోమవారం, ముందు బోగీలో రెండో తలుపు పక్కనే ఉంటానని హసింతాకి చెప్పి పెట్టాను; అదీ ఆ లైన్లోనే పనికెళ్తుంది. పోర్తాలెస్‌లో జనాన్ని తోసుకుంటూ ఎక్కింది, జుట్టంతా రేగిపోయి. బ్యాగు నా చేతికిచ్చింది. నిలబడ్డవాళ్ల సామాను కూర్చున్నవాళ్లు పట్టుకోవడం మాకు మామూలే. ఒళ్లో పెట్టుకున్నాను.

నాలుగు స్టేషన్ల దాకా అలిగే ఉంది. అంతలో ఎవరో దాని కాలు తొక్కారు.

"మోకాలెలా ఉంది?" అంది.

"మహారాణిలా ఉంది."

రేగిన జుట్టు సర్దుకుంటూ, "అత్తా, అక్కడ ఇంకో గదేమైనా ఉందా?" అంది.

"మా పై అంతస్తులో ఉంది. నువ్వు అడిగేదాకా ఎవరికీ ఇవ్వొద్దని ఇంటామెకి నా గది మాట్లాడుకున్న రోజే చెప్పాను."