రొప్పు

కొండదారిలో గంట కొట్టకూడదన్న నియమం బావ పెట్టిందే. నడిచేవాళ్ళూ, గుర్రాలవాళ్ళూ, సైకిళ్ళవాళ్ళూ అందరిదీ ఒకటే దారి. గంట మోగితే గుర్రాలు బెదురుతాయని ఆయన పట్టుబట్టాడు. మరి మలుపు అవతల మనిషి ఉన్నట్టు తెలిసేదెలా? రొప్పు విని. ఎక్కేవాడు రొప్పక తప్పదు. దిగేవాడు మలుపు దగ్గర ఆగి చెవి పెట్టాలి, రొప్పు వినిపిస్తే దారివ్వాలి. ఆ దారి బాగోగులు చూసే కొండ సంఘంలో చేరినవాళ్ళకి మొదట నేర్పేది అదే.

అలాంటి బావకి గుండె ఆపరేషన్ అయింది. రొప్పొచ్చేలా సైకిల్ తొక్కొద్దన్నారు డాక్టర్లు. అప్పటినుంచి అక్క ఏ గదిలో ఉన్నా ఒక చెవి ఆయన మీదే. కాసేపు చప్పుడు లేకపోతే ఏదో పనున్నట్టు వచ్చి చూసి పోతుంది. బావేమో ఒడ్డున పడ్డ చేపలా ఉన్నాడు. చూడలేక, ఆయన సైకిల్ షాపులోనే పని నేర్చుకున్న మరదలు ఓ ఎలక్ట్రిక్ సైకిల్ తెప్పించింది. మనం తొక్కుతుంటే మోటారు తోడు పడుతుంది. తొక్కడం మానితే అదీ మానేస్తుంది.

దాన్ని కొండమీదికి రానివ్వాలా వద్దా? సంఘం ఒక పూట ట్రయల్‌కి ఒప్పుకుంది, సాయంత్రం ఓటింగ్. సభ్యులు సగం ఇటు, సగం అటు. మరదలి చెయ్యి ఎటు లేస్తే అటే. "నా ఓటు మీకే బావా" అని ఆమె మాటిచ్చేసింది.

ఆ ఉదయం మరదలు దారికడ్డంగా పెరిగిన కొమ్మలు నరికి, సైకిల్ మీద దిగుతూ బండమలుపు దగ్గర ఆగింది. కాలు కింద పెట్టి చెవి పెట్టింది. గాలి తప్ప ఏమీ లేదు. బ్రేకు వదిలేసింది.

మలుపు తిరిగీ తిరగగానే ఎదురుగా కొత్త సైకిల్ మీద బావ.

ఆమె బండవైపు పడింది, ఆయన లోయవైపు. ముందుచక్రం అంచు దాటి గాల్లో తిరుగుతోంది, బావ ఒక చేత్తో పొద పట్టుకుని వేలాడుతున్నాడు. ఆమె పాకుతూ వెళ్ళి ఆయన చొక్కా దొరకబుచ్చుకుంది. గుడ్డ పర్రున చిరిగింది. భుజం పట్టుకుని ఎలాగో పైకి లాగింది.

"రొప్పు వినిపించలేదు బావా."

"రొప్పితే కదా వినిపించడానికి" అని నవ్వబోయాడు బావ. నవ్వు సగంలోనే ఆగిపోయింది. చిరిగిన చొక్కా సర్దుకుంటూ, "సంఘంలో చెప్పకు. చెప్తే ఇక నాకు కొండ లేనట్టే" అన్నాడు.

సాయంత్రం నడిచేవాళ్ళ తరఫున టీచరమ్మ అడగనే అడిగింది. "ట్రయల్‌లో ఇబ్బందేమైనా అయిందా?"

మరదలికి ముందు నుయ్యి, వెనక గొయ్యి. చెప్తే బావకి కొండ పోతుంది. చెప్పకపోతే రేపు అదే మలుపులో ఇంకెవరో, పట్టుకోవడానికి పొద కూడా లేకుండా. తనచేత అబద్ధం ఆడించబోయిన బావ మీద ఒళ్ళు మండింది, అంతకంటే ఎక్కువగా జాలేసింది. లేచి జరిగిందంతా చెప్పేసింది. బావ తలెత్తలేదు.

"ఇంకేం. ఓటు కూడా అక్కర్లేదు" అంది టీచరమ్మ.

"అక్కరుంది" అంటూ బావ లేచాడు. "తప్పు సైకిల్‌ది కాదు. ప్రతివాడూ రొప్పుతాడనుకున్న నాది. గంట వద్దన్న నియమం తీసేసి, గంటతోనే దీన్ని రానివ్వండి."

"మరి గుర్రాలు?"

"నాలుగు రోజుల్లో అలవాటు పడతాయి. మాట మార్చుకోవడం నాకే ఇన్నేళ్ళూ అలవాటు కాలేదు."

మరదలి చెయ్యి లేచింది. కాస్త ఆలస్యంగా టీచరమ్మదీ లేచింది.

ఇంటికొచ్చాక మరదలు షాపులోంచి చిన్న గంట తెచ్చి బావ సైకిల్ హ్యాండిల్‌కి బిగించింది. బావ దాన్ని కొత్తగా చూసి, బొటనవేలితో ఒక్కసారి మోగించాడు. లోపల గిన్నె కిందపడింది. అక్క తడిచేతులతోనే పరుగెత్తుకొచ్చింది.

"ఏంటా చప్పుడు?"

"నేనే" అన్నాడు బావ. "ఉన్నాను."