జేబులోని బిరడా

ఆదివారం పొద్దున పడవలు దించే ర్యాంపు దగ్గర కార్లు బారులు తీరాయి. ఒక్కో కారు వెనక ట్రైలర్ మీద ఒక్కో పడవ. వరసలో నాలుగోది బావగారిది. ముప్పయ్యేళ్ళు బస్సు నడిపి రిటైరైన మనిషి. బస్సు మీద ఒక్క గీత కూడా పడనివ్వలేదని ఆయన చెప్పుకోరు, ఆయన భార్య చెబుతుంది. చేపల వేటకు ఆయనకు తోడు బావమరిది. అతను టైలరు.

బావగారు ఎర కొనడానికి కొట్టుకు వెళ్ళారు. వాన నీళ్ళు పడవ అడుగున నిలిచి ఉండడం చూసి, అవి పోనిద్దామని టైలరు వెనకవైపు అడుగున నీళ్ళు పోయే కంతకు బిగించి ఉన్న ఇత్తడి బిరడా తిప్పి తీశాడు. అంతలో ఫోన్ మోగింది. కోటు చంకలో పట్టేస్తోందని ఒకాయన గోల. బిరడా నిక్కరు జేబులో వేసుకుని ఆయన్ని సముదాయించేసరికి వంతు రానే వచ్చింది. వెనకవాళ్ళు హారన్లు మోగించారు. బావగారు గబగబా వచ్చి కారు వెనక్కి నడిపి పడవను నీళ్ళలోకి దించారు.

గాలం వేసే చోటికి చేరకముందే పాదాలు తడిశాయి.

"ఈ నీళ్ళేంట్రా?" అన్నారు బావగారు.

పడవ వెనకభాగం కుంగిపోతోంది. ఇంజను రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. టైలరు చెయ్యి జేబులోకి వెళ్ళింది. బిరడా వేళ్ళకు తగిలింది. వంగి నీళ్ళలో తడిమినట్టు నటించి, దాన్ని పైకెత్తాడు.

"ఇదిగో బావా, ఇక్కడ పడుంది. ఊడిపోయినట్టుంది."

"బిగిస్తే అది ఊడదురా. పొద్దున ఇంటిదగ్గర బిగించాననే గుర్తు." బావగారు దానికేసి తేరిపార చూశారు. "అయితే బిగించలేదన్నమాట."

ఇద్దరూ దాన్ని లోపలినుంచే బిగించి బకెట్టుతో నీళ్ళు తోడారు. అటుగా కయాక్ అనే సన్నటి తెడ్డు పడవలో వస్తున్న ఒక వ్యాయామం టీచరు తాడు అందుకుని, తెడ్డు వేసుకుంటూ పడవను ర్యాంపు దాకా లాక్కొచ్చింది. గట్టు మీద ఎవరో నవ్వుతూ అడిగారు, "బిరడా మరిచిపోయారా పెద్దాయనా?"

"మరిచిపోయాను బాబూ" అన్నారు బావగారు.

టైలరు తేలు కుట్టిన దొంగలా తాడు చుడుతూ ఉండిపోయాడు. ఇంటికెళ్ళాక చెబుదామనుకున్నాడు. ఇంటికెళ్ళేసరికి అక్క ఎదురొచ్చి, "మొన్న స్టవ్ కట్టకుండా వదిలేశారు, ఇవాళ ఇదీ" అని కళ్ళు తుడుచుకుంది. టైలరు చెప్పకుండానే వెళ్ళిపోయాడు.

మరుసటి వారం వెళితే వంటింటి గోడకు చీటీలు అంటించి ఉన్నాయి. స్టవ్ కట్టు. కుళాయి కట్టు. తలుపు చూడు. గుండ్రటి అక్షరాలు బావగారివే. కారు తాళాలు అక్క చేతికిచ్చి, ఆయన బజారుకు నడిచి వెళుతున్నారు. అక్క పెట్టిన కాఫీ టైలరు తాగకుండానే వచ్చేశాడు. ఆ వారం రెండు చొక్కాలకు చేతులు తారుమారుగా కుట్టాడు.

మూడో వారం బావగారు పడవ అమ్మకానికి పెట్టారు. కొనేవాడు నీళ్ళలో నడిపి చూస్తానంటే ముగ్గురూ ర్యాంపుకు వెళ్ళారు. కారు టైలరే నడిపాడు.

"పడవలో లోపమేం లేదండీ" అన్నారు బావగారు కొనేవాడితో. "ఇంజను కొత్తగా బాగుచేయించాను. లోపం నాలో ఉంది. బిరడా పెట్టడం మరిచిపోయాను. ఇంకోసారి మరిచిపోతే నాతోపాటు వీడూ పోతాడు. అందుకే అమ్మేస్తున్నా."

టైలరు ముందుకొచ్చాడు.

"మీరు మరిచిపోలేదు బావా. నేనే తీశాను. నీళ్ళు పోతాయని తీసి జేబులో వేసుకున్నా. అడుగున దొరికిందని అబద్ధం చెప్పా."

కొనేవాడు ఫోన్ చూసుకుంటూ నాలుగడుగులు పక్కకు వెళ్ళాడు. బావగారు పడవ అంచు మీద చెయ్యి వేసి నిలబడ్డారు.

"మతిమరుపు జబ్బేమోనని డాక్టరు దగ్గరికి కూడా వెళ్ళొచ్చానురా, మీ అక్కకి తెలీకుండా" అన్నారు చివరికి. "బొమ్మలు చూపించి పేర్లు అడిగాడు. గొడుగు బొమ్మ చూస్తే భయంతో పేరు నోటికి రాలేదు."

"తప్పయిపోయింది బావా."

"అవును, తప్పే" అన్నారు ఆయన. తిట్టలేదు. తిట్టినా బాగుండేదనిపించింది టైలరుకు.

పడవ అమ్మలేదు. సంగతి తెలిసి అక్క తమ్ముడితో రెండు నెలలు మాట్లాడలేదు. తరవాత మాట్లాడినా, వడ్డించేటప్పుడు మునుపటిలా ఇంకో గరిటె వెయ్యదు. బావగారు మళ్ళీ కారు తీశారు, మళ్ళీ ఇద్దరూ వేటకు వెళుతున్నారు. గోడ మీది చీటీలు మాత్రం అలాగే ఉన్నాయి. మతిమరుపు వచ్చిందని ఒకసారి నమ్మేశాక తనమీద తనకు నమ్మకం తిరిగి రావడం లేదని ఆయన అక్కతో అన్నారట.

అప్పుడప్పుడు మధ్యాహ్నం పూట షాపుకు ఫోన్ వస్తుంది.

"ఒరే, నిన్న పడవకి తాళం వేశానా?"

టైలరు కత్తెర పక్కన పెడతాడు. "వేశారు బావా. నేను చూశాను."

కొన్నిసార్లు నిజంగానే చూసి ఉంటాడు. చూడని రోజున షాపు మూసి, బస్సెక్కి బావగారింటికి వెళ్ళి చూసొస్తాడు. ఇంతవరకూ ప్రతిసారీ తాళం వేసే ఉంది.