దురదకు బట్టల సబ్బు

హోటళ్ళ దుప్పట్లు ఉతికే ఆ లాండ్రీలో మరకల పని ఆ పిల్లది. మోచేతుల దాకా ఎప్పుడూ సబ్బే కాబట్టి అందరూ నురగమ్మ అని పిలిచేవారు. కాఫీ మరకకు ఒక మందు, సిరాకు ఇంకొకటి, మొండి మరకకు వేడినీళ్ళు, బట్టల సబ్బు. రుద్దితే పోనిది లోకంలో లేదని ఆమె నమ్మకం. ఆ నమ్మకమే కొంప ముంచింది.

తన పెళ్ళి ఇంకా పన్నెండు రోజులుందనగా కింద దురద మొదలైంది. కందకు లేని దురద కత్తిపీటకెందుకంటారు గానీ, ఇక్కడ దురదంతా కందదే. మర్నాటికి మూత్రానికి వెళితే మంట. లోదుస్తుల మీద విరిగిన పాలలా తెల్లటి ముద్దలు. మరక కనబడితే నురగమ్మ ఊరుకుంటుందా? పూటకోసారి వేడినీళ్ళు, బట్టల సబ్బు పెట్టి రుద్దింది. తగ్గలేదు సరికదా, దురద రెండింతలై, అక్కడంతా ఎర్రగా వాచి, కూర్చోలేక నిలబడలేక అల్లాడిపోయింది.

ఇదేదో పాడు రోగమని, పెళ్ళయితే పెళ్ళికొడుక్కి కూడా అంటుకుంటుందని తనే తేల్చేసుకుంది. అతను లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు, బంగారంలాంటి మనిషి. అతణ్ణి ముంచడం కంటే వదులుకోవడమే మేలనుకుంది. ఫోనులో "మనకీ పెళ్ళి వద్దు" అని టైపు చేసింది. పంపడానికి మాత్రం వేలు రాలేదు. రెండు రోజులుగా అది అలాగే ఉంది.

అన్నయ్య భార్య కూడా అక్కడే ఇస్త్రీ బల్ల దగ్గర పనిచేస్తుంది. ఆమె ఇదంతా ఓ కంట కనిపెడుతూనే ఉంది. భోజనాల వేళ ఆడపడుచు చెయ్యి పట్టుకుని దుప్పట్ల గదిలోకి లాక్కెళ్ళింది.

"కాళ్ళ కింద నిప్పులు పోసినట్టు ఆ నడకేంటే?"

"వదినా, నాకీ పెళ్ళొద్దు."

"ఎవడే వాడు?"

"ఎవడూ లేడు!" అని భోరుమంది నురగమ్మ. దురద, మంట, ముద్దలు, ఫోనులో మాట, అన్నీ కక్కేసింది.

"చెడు వాసనేమైనా ఉందా?"

"లేదు."

"జ్వరం? పొత్తికడుపులో నొప్పి?"

"అవీ లేవు."

వదిన దుప్పట్ల గుట్ట మీద కూలబడి నవ్వింది. "ఓసి పిచ్చిదానా! పెద్దోడు కడుపులో ఉన్నప్పుడు నాకూ అచ్చం ఇదే. ఈస్ట్ ఇన్ఫెక్షన్ అన్నారు. అయినా నేను డాక్టర్నేం కాదు. నీదీ అదో కాదో చూపించుకోవాలి. పద."

"నాకు సిగ్గు వదినా."

"ఆడబిడ్డ అర్ధమొగుడంటారు. నా అర్ధమొగుడు ఇలా మెలికలు తిరుగుతుంటే నాకేం పరువు?"

ఏడుస్తున్నది కాస్తా ఫక్కున నవ్వేసింది.

డాక్టరమ్మ పరీక్ష చేసింది. దూదిపుల్లతో కాస్త తీసి మైక్రోస్కోపు కింద చూసింది. "ఈస్టే. ఈ మధ్య మందులేమైనా వాడావా?"

"పన్ను పీకించుకున్నప్పుడు వారం రోజులు యాంటీబయాటిక్స్."

"అదీ సంగతి. ఈస్ట్ అంటే ఒక రకం బూజు, కొద్దిగా అందరిలోనూ ఉంటుంది. దాన్ని అదుపులో పెట్టే మంచి క్రిములు ఆ మాత్రలకి చచ్చుంటాయి. ఇది చాలామంది ఆడవాళ్ళకి వచ్చేదే. నీ తప్పేం లేదు. మరి, దేంతో కడిగావు?"

నురగమ్మ తన పనితనమంతా గర్వంగా ఏకరువు పెట్టింది. డాక్టరమ్మ కలం కిందపెట్టేసింది.

"తల్లీ, అది దుప్పటి కాదు."

వదిన మొహానికి చేతులు అడ్డం పెట్టుకుంది.

లోపల పెట్టుకునే మాత్రలు, పూత మందు రాసిచ్చింది డాక్టరమ్మ. సబ్బు మానెయ్యమంది, ఉత్త నీళ్ళు చాలంది. నూలు లోదుస్తులే వేసుకోమని, తడిస్తే వెంటనే మార్చుకోమని చెప్పింది. "వారంలో తగ్గకపోయినా, వాసనొచ్చినా, అయ్యేది పచ్చగా కనబడినా, జ్వరమొచ్చినా మళ్ళీ రా. అది వేరేది కావచ్చు."

"మరి పెళ్ళి?"

"హాయిగా చేసుకో. కాకపోతే పూర్తిగా తగ్గేదాకా..."

"ఆ మిగతాది నేను చెప్తాలెండి" అంది వదిన.

నాలుగో రోజుకు దురద దాదాపు పోయింది. అయినా మాత్రలు చివరిదాకా వాడింది. ఫోనులో మాట చెరిపేసి, "పెళ్ళి రోజు లిఫ్టులో ఇరుక్కోకుండా పెందలాడే రా" అని పంపింది. ఆ రోజంతా దుప్పట్లు ఉతుకుతూ పాడుతూనే ఉంది. గొంతు బాగుండకపోయినా ఎవరూ ఏమీ అనలేదు.

పెళ్ళి రోజు పొద్దున్నే వదిన ఒక పొట్లం చేతిలో పెట్టింది. విప్పి చూస్తే ఏడు నూలు లోదుస్తులు. ఒక్కోదానికీ కత్తిలాంటి మడత.

"లోపలి బట్టలకి ఇస్త్రీ ఎవరు చేస్తారు వదినా!"

"ఎవరూ చెయ్యరు. నీకు చేశాను."